టేబుల్ మీద నుంచి కదలని కంప్యూటర్‌కి ల్యాప్‌టాప్ ఎందుకండీ?

ఎంసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, బంధువుల ఫోన్లన్నీ ఒకే ప్రశ్నతో వస్తాయి. "పిల్లాడికి ఏ ల్యాప్‌టాప్ తీసుకోమంటారు?" అని. ఏ ల్యాప్‌టాప్ అనే తప్ప, అసలు ల్యాప్‌టాప్ కొనాలా, డెస్క్‌టాప్ కొనాలా అని అడిగేవాళ్లు ఒక్కరూ కనిపించడం లేదు. మామూలు రోజుల్లో అయితే ఎవరిష్టం వాళ్లది అని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు ఊరుకోలేకపోతున్నాను. షోరూముల్లో పెట్టిన మెషీన్లలో ప్రాసెసర్లు, అంటే కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్‌లు, జాతికి జాతే మారిపోతున్నాయి. ఈ సంగతి కొనేవాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

రెండేళ్ల కిందటి దాకా విండోస్ మెషీన్ కొనేటప్పుడు ఇంటెలా, ఏఎండీయా అన్నదే తేడా. ఏది కొన్నా మీ పాత సాఫ్ట్‌వేర్ సీడీ, మీ పాత ప్రింటర్ పనిచేసేవి. ఎందుకంటే ఆ రెండు కంపెనీల ప్రాసెసర్లూ ఎక్స్86 అనే ఒకే భాష అర్థం చేసుకుంటాయి. 2024 మేలో మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీలని కొత్త వరస ప్రకటించింది. అందులో మొదట వచ్చినవన్నీ క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్ మీద నడిచేవే. మన ఫోన్లలో ఉండే ఆర్మ్ జాతి ప్రాసెసర్ అది. ఎక్స్86 కోసం రాసిన ప్రోగ్రాముల్ని నడపడానికి విండోస్ లోపల ప్రిజమ్ అనే ఎమ్యులేటర్ పెట్టారు. అది అప్పటికప్పుడు తర్జుమా చేసి పెడుతుంది. మామూలు ప్రోగ్రాములకి బాగానే పనిచేస్తుంది కూడా. కానీ డ్రైవర్లని, అంటే పరికరాల్ని సిస్టమ్‌తో మాట్లాడించే ప్రోగ్రాముల్ని, తర్జుమా చేయదు. ప్రింటర్, స్కానర్, వేలిముద్రల పరికరం, డాంగిల్ (తాళంచెవిలా గుచ్చే చిన్న పరికరం) పెడితే గానీ తెరుచుకోని సాఫ్ట్‌వేర్... వీటి డ్రైవర్ ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసి ఉండాలి. లేకపోతే అంతే సంగతులు.

మా ఊళ్లో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపు ఒకటుంది. దాని ఓనరు దగ్గర పేజీలు కట్టడానికి ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేరే. 2001లో వచ్చిన ఏడో వెర్షనే దానికి ఆఖరిది, అయినా మన వైపు డీటీపీ వాళ్ల చేతులు దానికే అలవాటుపడ్డాయి. బ్యాటరీ రోజంతా వస్తుంది, కరెంటు పోయినా పని ఆగదు అని చెప్పి ఆయనకి ఆర్మ్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్ అంటగట్టారు. పెళ్లిళ్ల సీజన్ మొదట్లో కొన్నాడు. లేజర్ ప్రింటర్ కేబుల్ గుచ్చితే డ్రైవర్ ఎక్కలేదు. ఆ ప్రింటర్ తయారుచేసిన కంపెనీ దానికి ఆర్మ్ డ్రైవర్ ఇవ్వనేలేదు. ప్రింటర్‌లో లోపమేమీ లేదు, నిన్నటి దాకా వందల పేజీలు తీసింది. మొన్న వెళ్లేసరికి కౌంటర్ మీద కొత్త ల్యాప్‌టాప్‌లో వాట్సాప్‌లో వచ్చిన మేటర్ చూసుకుంటూ, దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కింద కాళ్ల దగ్గర దుమ్ముపట్టిన పాత డెస్క్‌టాప్‌కి గుచ్చి, అక్కడ పేజీ కట్టి ప్రింట్ తీస్తున్నాడు. సంపాదించి పెట్టేది ఇప్పటికీ ఆ పాతదే. కొత్తదానికి కిస్తీలు కడుతున్నాడు.

దీన్ని టెక్నాలజీ తప్పు అనను. ఆర్మ్ చిప్‌లు నాకిష్టం. ఫ్యాన్ రొద తక్కువ, ఒడిలో పెట్టుకుంటే కాలదు, ఛార్జర్ పీకేసినా వేగం పెద్దగా తగ్గదు. కానీ ఆ సుగుణాలన్నీ ఎవరికి పనికొస్తాయో చూడండి. బ్యాటరీ మీద బతికేవాళ్లకి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్రాసెసర్ల జాతి మారుతున్నదే ల్యాప్‌టాప్ కోసం. గోడకి ప్లగ్ పెట్టి, టేబుల్ మీద నుంచి కదలని మెషీన్‌కి అందులో దక్కేది సగం కూడా ఉండదు. ఇబ్బందులు మాత్రం పూర్తిగా దక్కుతాయి.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆపిల్ కథ చూడండి. 2005 జూన్‌లో ఆ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్, అప్పటిదాకా వాడిన పవర్‌పీసీ జాతి చిప్‌లు వదిలేసి ఇంటెల్‌కి వెళ్తున్నామన్నాడు. కారణం వేడి. అప్పటికి వాళ్ల డెస్క్‌టాప్‌లో జీ5 చిప్ ఉంది, గట్టి చిప్. కొన్ని మోడళ్లలో దాన్ని చల్లబరచడానికి లోపల ద్రవం తిప్పాల్సి వచ్చింది. అలాంటిదాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టే దారే దొరకలేదు. వాళ్ల ల్యాప్‌టాప్‌లు, పవర్‌బుక్‌లు, చివరిదాకా అంతకు ముందు తరం జీ4 దగ్గరే ఆగిపోయాయి. అదే సంవత్సరం అక్టోబర్‌లో నాలుగు కోర్ల పవర్ మ్యాక్ జీ5 డెస్క్‌టాప్ వచ్చింది. అప్పటికి ఆ వరసలో అంతకు మించినది లేదు. 2009 ఆగస్టులో వచ్చిన ఆపిల్ కొత్త సిస్టమ్ స్నో లెపర్డ్ దాని మీద ఎక్కలేదు. అంత పెట్టి కొన్నవాళ్లకి నాలుగేళ్లు నిండకముందే కొత్త సిస్టమ్ తలుపు మూసేసింది.

పోనీ కొత్త జాతిలోకి అందరికన్నా ముందు దూకినవాళ్లు సుఖపడ్డారా? 2006 జనవరిలో మొదటి ఇంటెల్ మ్యాక్‌లు కోర్ డ్యుయో చిప్‌తో వచ్చాయి. అవి 32 బిట్ చిప్‌లు. అదే ఏడాదిలో 64 బిట్ కోర్ 2 డ్యుయో వచ్చేసింది. 2011లో 64 బిట్ చిప్ ఉంటేనే ఎక్కే లయన్ సిస్టమ్ వచ్చేసరికి ఆ మొదటి విడత కొన్నవాళ్లని కూడా బయటే నిలబెట్టారు.

2020లో మళ్లీ అదే వరస. ఈసారి ఇంటెల్ వదిలేసి ఆపిల్ సొంత ఆర్మ్ జాతి చిప్‌కి. నవంబర్‌లో ఆ ఎం1 చిప్ పెట్టిన ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ ఎయిర్ ఫ్యాన్ కూడా లేకుండా వచ్చి అందరి నోళ్లూ మూయించింది. మరోపక్క 2019 డిసెంబర్‌లో ఇంటెల్ చిప్‌తో వచ్చిన మ్యాక్ ప్రో ఉంది, 5,999 డాలర్ల దగ్గర మొదలయ్యే డెస్క్‌టాప్. దాన్ని 2023 జూన్ దాకా అమ్ముతూనే ఉన్నారు. 2025 జూన్‌లో ఆపిల్ చెప్పేసింది, ఇంటెల్ మ్యాక్‌లకి ఆ ఏడాది వచ్చే టాహోనే ఆఖరి సిస్టమ్ అని. భద్రతా అప్‌డేట్లు ఇంకొన్నాళ్లు వస్తాయి, కాదనను. కానీ 2023లో కొన్నవాడి సంగతి ఆలోచించండి.

ఇంత చెప్పి డెస్క్‌టాప్ కొనమంటున్నాడేమిటి అని మీకు అనుమానం రావచ్చు. ఆపిల్‌కీ విండోస్‌కీ ఉన్న తేడా ఇక్కడే పట్టుకోవాలి. ఆపిల్ చేతిలో చిప్, సిస్టమ్ రెండూ ఉన్నాయి, కాబట్టి పాతదాన్ని కోసిపారేయగలదు. మైక్రోసాఫ్ట్‌కి అది కుదరదు. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు, అకౌంటెంట్లు అందరూ ఎక్స్86 మీదే ఉన్నారు. 2012లో సర్ఫేస్ ఆర్‌టీ అని ఆర్మ్ మీద నడిచే టాబ్లెట్ ఒకటి తెచ్చింది. పాత ప్రోగ్రాములు నడవవు అనేసరికి జనం ముట్టుకోలేదు, మరుసటి ఏడాది ఆ కంపెనీ 90 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకుంది. ఆ దెబ్బ తిన్నాకే ఎమ్యులేటర్ మీద ఇంత శ్రద్ధ పెట్టింది. కాబట్టి విండోస్ ప్రపంచంలో ఎక్స్86 డెస్క్‌టాప్ కొన్నవాణ్ణి రేపో ఎల్లుండో గెంటేసే ఆలోచన ఎవరికీ లేదు. ఎక్స్86, ఆర్మ్ రెండూ పక్కపక్కనే చాలా కాలం నడుస్తాయి. అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

పైగా డెస్క్‌టాప్‌ని విప్పి మార్చుకోవచ్చు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుని సాకెట్ అంటారు. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ చూడండి. 2017 మార్చిలో మొదటి రైజెన్ ప్రాసెసర్‌తో బోర్డు కొన్నవాళ్లలో చాలామంది, బయోస్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) అప్‌డేట్ చేసుకుని, 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5800ఎక్స్3డీ అదే బోర్డులో పెట్టుకున్నారు. ఐదేళ్ల తర్వాత, ఒక్క చిప్ మార్చితే, మెషీన్ కొత్తదైపోయింది. ల్యాప్‌టాప్‌లో ఇది జరగని పని. ప్రాసెసర్ బోర్డుకి అతుక్కుని ఉంటుంది. ఇప్పుడు సన్నటి మోడళ్లలో ర్యామ్ కూడా అతికించేస్తున్నారు. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్ లూనార్ లేక్ అయితే ర్యామ్‌ని ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెట్టేసింది. 16 జీబీ కొంటే 16, 32 కొంటే 32. తర్వాత పెంచుకుందాం అనే మాటే లేదు.

అలాగని డెస్క్‌టాప్ అనగానే ఏదో ఒకటి కొనేయమనడం లేదు. బోర్డు చూసి కొనాలి. ఇంటెల్ ఏడో తరం చిప్‌లకీ, ఎనిమిదో తరం డెస్క్‌టాప్ చిప్‌లకీ సాకెట్ పేరు ఒకటే, 1151. పిన్నుల సంఖ్యా అదే. అయినా పాత బోర్డులో కొత్త చిప్ నడవదు, బోర్డు మార్చాల్సిందే. విండోస్ 11కి ఎనిమిదో తరం నుంచే అర్హత అని గీత గీసేసరికి, ఏడో తరం కొన్నవాళ్లు ఆ గీతకి సరిగ్గా అవతల పడిపోయారు. ఈరోజు కొనేవాళ్లు ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5 సాకెట్ బోర్డు చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఆ సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా నడుపుతామని ఏఎండీ బహిరంగంగా చెప్పింది. ఇంటెల్‌లో అలాంటి మాట ఇంతవరకూ నాకు దొరకలేదు, వాళ్ల అలవాటు రెండు మూడు తరాలకోసారి సాకెట్ మార్చడం.

డెస్క్‌టాప్ చిప్‌లు చెడిపోవా అంటే, చెడిపోతాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ గొడవ వచ్చి మెషీన్లు ఊరికే క్రాష్ అయ్యాయి. 2024లో ఇంటెల్ ఒప్పుకుని, చిప్‌ని నడిపే మైక్రోకోడ్ సరిచేసి, వారంటీ రెండేళ్లు పెంచింది. చాలా పెద్ద తప్పు అది. కానీ దెబ్బతిన్నవాళ్లు ఏం చేశారు? కూలర్ విప్పి, ఆ ఒక్క చిప్ పీకి, కంపెనీకి పంపి, వేరేది తెప్పించుకుని పెట్టుకున్నారు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, అందులో ఉన్న పిల్లల ఫొటోలు అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. అదే ల్యాప్‌టాప్‌లో చిప్ పోతే మదర్‌బోర్డు మొత్తం మార్చాలి. వారంటీ దాటాక సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పే రేటు విని, బాగుచేయించడం దండగ అని కొత్తది కొన్న ఇళ్లు మీ చుట్టూ కూడా ఉండే ఉంటాయి. మండల కేంద్రంలో కూర్చున్న మెకానిక్ కుర్రాడు డెస్క్‌టాప్‌కి కరెంటు అందించే డబ్బా, ఎస్ఎంపీఎస్, పోతే అరగంటలో మార్చి ఇస్తాడు. ల్యాప్‌టాప్ అయితే హైదరాబాదో విజయవాడో పంపాలంటాడు.

ఇప్పుడు ర్యామ్ రేట్లు కూడా ఏడిపిస్తున్నాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు కొండెక్కాయి. మైక్రాన్ అయితే ఆ డిసెంబర్‌లో, మనం ఏళ్లుగా కొంటున్న క్రూషియల్ ర్యామ్‌ల వ్యాపారమే ఆపేస్తున్నామని ప్రకటించింది. ఇలాంటి సమయంలో ముందుచూపు పేరుతో 32 జీబీ ల్యాప్‌టాప్ కొనమంటే ఎవరి తరం? డెస్క్‌టాప్‌లో ఇప్పుడు 16తో సరిపెట్టి, స్లాట్లు ఖాళీ ఉంచుకుని, ధర దిగాక పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ వంకతో ఇంట్లో ఉన్న ఆరో తరం, ఏడో తరం డెస్క్‌టాప్‌లని పాత సామానులో వేసి ల్యాప్‌టాప్ కొనేవాళ్లని చూస్తుంటే బాధగా ఉంది. ముందుగా, ఇళ్లల్లో వాడేవాళ్లకి 2026 అక్టోబర్ దాకా పొడిగింపు ఇచ్చారు, అది పెట్టుకోండి. తర్వాత బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ ఈ మూడే మార్చండి. క్యాబినెట్, మానిటర్, కీబోర్డు, ఎస్ఎస్‌డీ, కండిషన్‌లో ఉంటే ఎస్ఎంపీఎస్ కూడా అవే పనికొస్తాయి.

ఇక ల్యాప్‌టాప్ తప్పనివాళ్లు ఉంటారు. నలుగురు పంచుకునే హాస్టల్ గదిలో ఉండే ఆడపిల్లని డెస్క్‌టాప్ మోసుకెళ్లమని నేననను. ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లు, ఆఫీసుకీ ఇంటికీ మధ్య తిరిగేవాళ్లు, వాళ్లకి ల్యాప్‌టాపే. కానీ వాళ్లయినా ముందు చూడాల్సింది ప్రాసెసర్ పేరు కాదు, బ్రాంచి. మా పిన్ని కొడుక్కి ఈసీఈలో సీటొచ్చింది. "ఒరే, షాపులో ఆ స్నాప్‌డ్రాగన్‌ది తీసుకోమంటున్నారు, పదేళ్లు వస్తుందట" అంది. "పిన్నీ, వాడు చిప్ డిజైన్‌కి వాడే వివాడో సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, అది ఎక్స్86 కోసమే రాసింది. వద్దు" అన్నాను. మెకానికల్, సివిల్ వాళ్ల ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ సంగతీ అంతే, ఎక్స్86 మీదే ఉండండి. సీఎస్ఈ పిల్లలకి పైథాన్, గిట్, వీఎస్ కోడ్ ఆర్మ్ మీద చక్కగా నడుస్తాయి, వాళ్లు ధైర్యం చేయొచ్చు. కాకపోతే కాలేజీ వాళ్లు ఆన్‌లైన్ పరీక్షలకి వాడే సాఫ్ట్‌వేర్ ఆర్మ్ మీద నడుస్తుందా అని సీనియర్లని అడిగి మరీ కొనాలి. బ్యాటరీ కోసమే ఆర్మ్ అనుకుంటే, లూనార్ లేక్ వచ్చాక ఎక్స్86 ల్యాప్‌టాప్‌లు కూడా బ్యాటరీ బాగానే ఇస్తున్నాయి.

"ఏఐ పీసీ సార్, ఫ్యూచర్ ప్రూఫ్" అనే మాటకి దయచేసి పడకండి. కోపైలట్ ప్లస్ ముద్ర పడాలంటే చిప్‌లోని ఎన్‌పీయూ, అంటే ఏఐ లెక్కలకే పెట్టిన భాగం, వేగం 40 టాప్స్ (సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు) దాటాలి. మీవాడు కాలేజీలో మెషీన్ లెర్నింగ్ చేసేటప్పుడు ఆ ఎన్‌పీయూ మీద నడిపేది దాదాపు ఏమీ ఉండదు. అక్కడ పనిచేసేది గ్రాఫిక్స్ కార్డు, అది డెస్క్‌టాప్‌లో ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, మీ ఊరి షాపులో కొన్నా, డబ్బులు కట్టేముందు బిల్లు మీద బోర్డు మోడల్, చిప్‌సెట్, ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఎస్ఎంపీఎస్ ఏ కంపెనీది, ఎన్ని వాట్స్, అన్నీ పూర్తి పేర్లతో రాయించుకోండి. "రైజెన్ 5 సిస్టమ్, ఒకటి" అని రాసిచ్చే షాపులో తీసుకోవద్దు.