జిప్సీలో 407: మా బాబాయ్ దేశసేవ

పెట్రోల్ రేటు చూసి గుండెలు బాదుకునేవాళ్లే గానీ, ఏదో ఒకటి చేద్దామని నడుం కట్టేవాళ్లు ఎంతమందండీ? మా బాబాయ్ కట్టాడు. తన పాత మారుతి జిప్సీలో పెట్రోల్ ఇంజిన్ పీకించేసి టాటా 407 లారీ డీజిల్ ఇంజిన్ పెట్టించాడు. 1298 సీసీ ఉన్నచోట 2956 సీసీ అన్నమాట. నులక మంచం మీద గేదెను పడుకోబెట్టినట్టుందని పిన్ని అంది గానీ, ఆవిడకి ఇంజినీరింగ్ తెలీదు కదా, వదిలేద్దాం.

"మైలేజీ లెక్క చూడరా" అన్నాడు నాతో. చూశా. ఆదివారాలు తిప్పే బండి, ఏడాదికి 2000 కిలోమీటర్లు. పెట్రోల్ 109, డీజిల్ 97 వేసుకుని, 8 ఇచ్చే బండి 11 ఇస్తుందనుకుంటే ఏడాదికి మిగిలేది తొమ్మిదివేల ఆరొందలు. కన్వర్షన్‌కి అయింది 3 లక్షల 80 వేలు. బాబాయ్‌కి ఇప్పుడు 54, అంటే తొంభై నాలుగో ఏట నుంచి ఇక లాభాలే లాభాలు.

ఆటోనగర్ మేస్త్రి మొదట్లో "చిన్న పనే సార్" అన్నాడు. మౌంటింగులు కోసి మళ్లీ వెల్డింగ్ చేశారు, ఇంజిన్ని గేర్‌బాక్స్‌కి కలిపే బెల్ హౌసింగ్ కలవకపోతే లేత్ మీద ప్లేటు తిప్పించారు, అంతా అయ్యి రోడ్డెక్కితే 103 న్యూటన్ మీటర్ల తిప్పే బలానికి చేసిన గేర్‌బాక్స్ దానికి డబుల్ దాటిన టార్క్‌కి వారంలో పళ్లు రాల్చుకుంది, సరే అదీ మార్చారు, మారిస్తే తెలిసిందేంటంటే పెట్రోల్ ఇంజిన్ నిమిషానికి 6000 చుట్ల దాకా తిరిగేది, ఇది 3000 కే ఆయాసపడుతుంది, టాప్ గేర్లో కూడా 60 దాటితే కేకలు, కాబట్టి ఇరుసులో చక్రాలని తిప్పే పళ్ల జత, అదే క్రౌన్ పినియన్, మార్చాలి. ముందు బరువుకి కమాన్ పట్టీలు కుంగి బండి ఎదురొచ్చిన ప్రతివాడికీ వంగి దణ్ణం పెడుతోంది. బ్రేకులా? అవి వచ్చే నెల జీతంలో చూద్దామన్నాడు.

సైలెన్స్ గురించి మాత్రం చెప్పుకోవాలి. మొన్న ఐడిల్‌లో ఉండగా బానెట్ మీద టీ గ్లాసు పెట్టా, అది గడగడలాడుతూ దానంతటదే నడుచుకుంటూ హెడ్‌లైట్ దాకా వెళ్లి కిందకి దూకేసింది. మిగతా ప్యాసింజర్లకి ఆ అవకాశం లేదు.

చట్టం సంగతంటారా, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివితే కన్వర్షన్ కిట్ల దగ్గర సీఎన్‌జీ ఉంది, బ్యాటరీ ఉంది, ఆఖరికి సోలార్ పవర్ కూడా ఉంది, 407 పేరు మాత్రం ఎక్కడా లేదు. "రాసేవాడు మర్చిపోయుంటాడ్రా" అన్నాడు బాబాయ్. ఆర్‌సీలో ఇప్పటికీ ఇంధనం: పెట్రోల్.

ఇన్ని మార్చారు గానీ ట్యాంకు మూత మీద 'పెట్రోల్' స్టిక్కర్ పీకడం ఎవరికీ తట్టలేదు. పోయిన ఆదివారం బంకులో కుర్రాడు అది చదివి, చదువుకున్నవాడు కాబట్టి, ఇరవై లీటర్లు పెట్రోల్ కొట్టాడు. కిలోమీటరు దాటకుండా ఆగిపోయింది. తాడు కట్టి లాగడానికి దొరికిన బండి కూడా 407 యే. ఆ డ్రైవర్ బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, "ఇది మా బండిది కదన్నా, ఇక్కడేం చేస్తంది?" అన్నాడు.