ఎద్దుకు మూడుసార్లు, పసివాడికి రెండే

సిప్పోరి పట్టణంలో నలుగురు అక్కచెల్లెళ్లు. పెద్దామె కొడుక్కి సున్తీ చేయిస్తే బిడ్డ చనిపోయాడు. రెండో ఆమె కొడుకూ అంతే, మూడో ఆమె కొడుకూ అంతే. నాలుగో ఆమె యూదు ధర్మవేత్త షిమోన్ బెన్ గమ్లియేల్ దగ్గరికి వచ్చింది. చేయించొద్దన్నాడాయన.

యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన బాబిలోనియా తాల్ముద్‌లోని ఈ కథలో ఉన్నది 'ఖజాకా'. ఒకటే సంగతి పదేపదే జరిగితే అది యాదృచ్ఛికం కాదు, స్వభావం అని తేల్చడం. ఎన్నిసార్లు జరగాలి? మూడు అన్నాడు షిమోన్. రెండు చాలన్నాడు ఆయన కొడుకు యెహూదా.

ఇద్దరిలో ఒకరిని గెలిపించి ఊరుకోలేదు తాల్ముద్. కుమ్మే ఎద్దు విషయంలో తండ్రి మాటే తీసుకుంది. మొదట్లో యజమాని సగం నష్టం కడితే చాలు. మూడుసార్లు కుమ్మిందని సాక్ష్యం పడ్డాక మాత్రం పూర్తిగా కట్టాలి. పెళ్లిళ్లలో కొడుకు మాట: ఇద్దరు భర్తలు చనిపోయిన స్త్రీని మూడోవాడు చేసుకోకూడదు. సున్తీకి కూడా 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడెస్ రెండే ఖాయం చేశాడు. సున్తీని తర్వాతైనా చేయించవచ్చు, పోయిన ప్రాణాన్ని తేలేమన్నది ఆయన వాదన. నాకు ఇదే సరైన తర్కం అనిపిస్తుంది. ఎద్దు విషయంలో తొందరపడితే పోయేది డబ్బు. బిడ్డ విషయంలో ఇంకో రుజువు కోసం ఆగితే, ఆ రుజువు ఇంకో బిడ్డ శవమే. (పెళ్లిళ్ల నియమం ఎంతమంది వితంతువులను ఒంటరిని చేసిందో తలుచుకుంటే మాత్రం బాధేస్తుంది.)

ఎన్నిసార్లన్నదే కాదు, ఎవరి బిడ్డలను కలిపి లెక్కపెట్టారో కూడా చూడాలి. ఆ పిల్లల తండ్రులు వేరు, తల్లులు తోబుట్టువులు. మొదటి భర్త బిడ్డయినా, రెండో భర్త బిడ్డయినా తల్లిని బట్టే లెక్క అన్నాడు మైమోనిడెస్. రక్తం గడ్డకట్టని హిమోఫీలియా ఆడవాళ్ల ద్వారా మగపిల్లలకు వస్తుందని ఫిలడెల్ఫియా డాక్టర్ ఒట్టో రాసింది 1803లో. జన్యువుల ఊసే లేని రోజుల్లో వీళ్లు సరైన వైపే చూశారు.

మాయోన్ అనే ఊళ్లో ఇలాగే ఇద్దరు అక్కచెల్లెళ్ల బిడ్డలు పోయాక, మూడో ఆమెను చేయించమన్నాడు రబ్బీ (యూదు మతగురువు) యోహనాన్. ఆ కబురు తెచ్చినవాణ్ణి, ప్రమాదకరమైన పనికి అనుమతి ఇచ్చేశావని అబయే అనే మరో ధర్మవేత్త హెచ్చరించాడు. ఆ తర్వాత అదే కబురును నమ్మి, ఇద్దరు భర్తలను పోగొట్టుకున్న హోమాను తనే పెళ్లి చేసుకున్నాడు. అబయే కూడా చనిపోయాడు.