థాయ్ కూలి రేటుకు అడ్డు వియత్నాం కాదు

థాయ్‌లాండ్‌లో కనీస వేతనం పెంపు మాట ఎత్తగానే అక్కడి యజమానుల సంఘాలు చెప్పే జవాబు ఒక్కటే. తమ దేశంలో కూలి రేటు ఇప్పటికే పొరుగు దేశాలకన్నా ఎక్కువగా ఉందని, ఇంకా పెంచితే ఫ్యాక్టరీలు వియత్నాంకో కంబోడియాకో తరలిపోతాయని వారి వాదన. 2024లో ఫ్యూ థాయ్ పార్టీ ప్రభుత్వం దేశమంతటా రోజుకు 400 బాట్ల (థాయ్ కరెన్సీ) కనీస కూలి అమలు చేయబోతే, సెప్టెంబరులో యజమానుల ప్రతినిధులు ఆ రేటును ఖరారు చేసే వేతన కమిటీ సమావేశానికి గైర్హాజరై కోరం లేకుండా చేశారు. చివరికి 2025 జనవరిలో ఫుకెట్, చోన్‌బురి, రయోంగ్, చాచెంగ్‌సావ్ ప్రావిన్సులకూ కో సముయ్ దీవికీ, జులైలో బ్యాంకాక్‌కూ హోటళ్ల వంటి కొన్ని రంగాలకూ ఆ రేటు దక్కింది. దక్షిణాన నరాథివాట్, పట్టాని, యాలాలకు జనవరిలో ఖరారైన కూలి 337 బాట్లే. 2027 నాటికి 600 బాట్లు ఇస్తామని 2023 ఎన్నికల్లో వాగ్దానం చేసిన ఆ పార్టీ, 2025 ఆగస్టు చివర్లో ప్రధాని పదవినే పోగొట్టుకుంది.

పొరుగు దేశాలతో పోల్చి చెప్పే అంకెలు అబద్ధం కావు. 400 బాట్లంటే మన రూపాయల్లో వెయ్యికి పైచిలుకు. నెలకు 26 పనిదినాల లెక్కన 10,400 బాట్లు, అంటే సుమారు 320 డాలర్లు. కంబోడియా దుస్తుల పరిశ్రమలో 2025 కనీస వేతనం 208 డాలర్లు. వియత్నాంలో హనోయ్, హో చి మిన్ సిటీ వంటి నగరాలుండే మొదటి వేతన ప్రాంతానికి నెలకు 2024 జులైలో ఖరారైన 49.6 లక్షల డాంగ్‌లు 200 డాలర్లకు లోపే. లావోస్, మయన్మార్ అంతకన్నా చాలా కింద ఉన్నాయి. మలేసియా మాత్రం నెలకు 1,700 రింగిట్లతో థాయ్‌లాండ్‌ను దాటిపోయింది. అయితే ఈ పట్టికలో కనిపించని సంగతి ఒకటుంది. థాయ్ కార్మిక రక్షణ చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం, రోజుకూలి మీద పనిచేసేవారికి వారాంతపు సెలవు రోజున వేతనం లేదు. కంబోడియా, వియత్నాం కార్మికులకు కనీస వేతనం నెల జీతంగా ఖరారవుతుంటే, థాయ్ కార్మికుడు పని దొరికిన రోజుకే లెక్క కట్టుకోవాలి. ఆర్డర్లు తగ్గి యజమాని అదనపు గంటల పని ఆపేస్తే, ఇంటి అద్దె కట్టగానే ఆ 10,400 బాట్లలో ఏం మిగులుతుందో బ్యాంకాక్ శివార్లలో ఎవరినడిగినా చెబుతారు.

అసలు చూడవలసింది ఏ దేశం ఎంత దూరం నడిచిందన్నది. యింగ్లక్ షినవత్ర ప్రభుత్వం 2013 జనవరి నుంచి దేశమంతటా 300 బాట్లు అమలు చేసింది. ఆ తర్వాత 2017 దాకా ఆ రేటులో కదలిక లేదు; 2014 మే నెలలో వచ్చిన సైనిక ప్రభుత్వం మళ్లీ ప్రావిన్సుకో రేటు పద్ధతి తెచ్చి, ఐదు పది బాట్లు విదిల్చింది. 2024 జనవరి నాటికి బ్యాంకాక్ రేటు 363 బాట్లు, అంటే పదకొండేళ్లలో ఇరవై ఒక్క శాతం. అదే కాలంలో వియత్నాం మొదటి ప్రాంతంలో కనీస వేతనం 23.5 లక్షల డాంగ్‌ల నుంచి దాదాపు రెట్టింపయింది. కంబోడియాలో 2013లో 80 డాలర్లున్న వేతనం 2018 నాటికి 170 అయింది. ఈ పెంపు ఎవరి దయా కాదు. 2014 జనవరి 3న నాంపెన్‌లోని వెంగ్ స్రెంగ్ వీధిలో వేతనం కోసం సమ్మె చేస్తున్న కార్మికులపై భద్రతా దళాలు కాల్పులు జరిపి కనీసం నలుగురిని చంపాయి. ఆ రక్తం ఆరకముందే వేతనం 100 డాలర్లకు, మరుసటి ఏడాది 128కి పెరిగింది. వియత్నాంలోనూ అధికారిక కార్మిక సంఘాన్ని పక్కనపెట్టి కార్మికులు చేసిన వందలాది సమ్మెలే ప్రభుత్వం మెడ వంచాయి. దూసుకొస్తున్న ఆ పొరుగువారినే చూపి థాయ్ కార్మికుణ్ణి ఉన్నచోట ఉండమనడం న్యాయం కాదు.

చిన్న పరిశ్రమలు భారం మోయలేవన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. థాయ్ ఉపాధిలో పెద్ద వాటా వాటిదే. అయితే 2013లోనూ ఇదే జోస్యం చెప్పారు. కార్పొరేట్ పన్నును 30 నుంచి 20 శాతానికి తగ్గించి ప్రభుత్వం యజమానులకు ఊతమిచ్చింది, నిరుద్యోగం ఒక శాతం దాటలేదు. కూలి గడ్డకట్టుకుపోయినా పన్ను రాయితీ మాత్రం ఇప్పటికీ కొనసాగుతోంది.

పైగా ఫ్యాక్టరీలను తరిమేస్తున్నది కూలేనా? సుబారు 2024 చివర్లో థాయ్‌లాండ్‌లో ఉత్పత్తి ఆపింది, సుజుకి తన రయోంగ్ ప్లాంటును మూసేస్తున్నట్టు అదే ఏడాది ప్రకటించింది. చైనా విద్యుత్ కార్ల పోటీ ఒక కారణమైతే, స్వదేశీ మార్కెట్ కుంగిపోవడం మరొకటి. కుటుంబాల అప్పు జీడీపీలో 90 శాతం దరిదాపుల్లో ఉన్న దేశంలో పికప్ ట్రక్కు కొనడానికి వెళ్లినవాడికి బ్యాంకు రుణం ఇవ్వడం లేదు. ఏళ్ల తరబడి ఎదగని కూలిని అప్పుతో పూడ్చుకున్న కుటుంబమే ఇవాళ ఆ ట్రక్కును కొనలేకపోతోంది.

ఇంతకీ థాయ్ కూలిని కిందికి లాగుతున్న పొరుగు దేశపు వేతనం సరిహద్దు అవతల లేదు, అది థాయ్‌లాండ్ లోపలే ఉంది. మయన్మార్, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చినవారిలో నమోదైనవారే ఇరవై లక్షలకు పైమాట. బ్యాంకాక్‌కు నైరుతిన సముత్ సాఖోన్ పట్టణం, స్థానికుల నోట మహాచాయ్, రొయ్యల వ్యాపారానికి కేంద్రం. అక్కడి షెడ్లలో బర్మా మహిళలు రబ్బరు బూట్లతో తడి నేల మీద గంటల తరబడి నిలబడి, మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తల తుంచి, పొట్టు ఒలుస్తారు. బుట్ట తూకం వేశాక కిలోల లెక్కన డబ్బు ముడుతుంది. చట్టం ప్రకారం కనీస వేతనం వీరికీ వర్తించాలి. వేగంగా ఒలిచే చేతులకు ఆ మొత్తం దక్కుతుంది, జ్వరంతో వచ్చిన చేతులకు దక్కదు. అడిగితే అనుమతి పత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో గుర్తుచేస్తారు.

అడగడానికి వీరికి సంఘం పెట్టుకునే హక్కే లేదు. 1975 నాటి కార్మిక సంబంధాల చట్టంలో 88వ సెక్షన్ ప్రకారం సంఘాన్ని స్థాపించేవారు థాయ్ జాతీయులై ఉండాలి. 101వ సెక్షన్ ప్రకారం దాని కార్యవర్గంలో ఉండాలంటే పుట్టుకతోనే థాయ్ జాతీయత కావాలి. వలస కార్మికుడు సభ్యత్వం తీసుకోవచ్చు, కానీ పనిచేసేవారంతా వలసవారే అయిన షెడ్డులో చేరడానికి సంఘమంటూ ఎక్కడుంటుంది? 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటైన ఈ దేశం, సంఘ స్వేచ్ఛకూ సామూహిక బేరానికీ సంబంధించిన 87, 98 ఒడంబడికలను దశాబ్దాల పాటు పక్కన పెట్టేసింది. కంబోడియా ఆ రెండింటినీ 1999లోనే ఆమోదించింది. పోలిక కావాలనుకునేవారు ఈ వరుసను కూడా పట్టికలో చేర్చాలి.

గల్ఫ్‌కు మనుషులను పంపిన తెలంగాణ పల్లెలకు ఈ కథ కొత్త కాదు. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లే భారతీయుల కనీస రిఫరల్ వేతనాలను (విదేశీ ఉద్యోగానికి అనుమతి ఇవ్వడానికి మన ప్రభుత్వం పెట్టే కనీస జీతం) మన ప్రభుత్వమే తగ్గించినప్పుడు చెప్పిన కారణం కూడా ఉద్యోగాలు చేజారకూడదన్నదే. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడి, వలస కార్మికుల పక్షాన గొంతు లేచాకే మరుసటి ఏడాది ఆ ఉత్తర్వులు వెనక్కి వెళ్లాయి.

కాబట్టి 400 బాట్లా, 600 బాట్లా అన్న బేరానికి ముందు థాయ్ కార్మిక సంఘాలు పట్టుబట్టవలసిన డిమాండు 88, 101 సెక్షన్ల సవరణ. దానికి ఖజానా నుంచి ఒక్క బాటు ఖర్చు కాదు, ఏ చిన్న పరిశ్రమ మీదా మర్నాడే భారం పడదు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు తలా ఐదుగురు కూర్చునే వేతన కమిటీలో, కార్మికుల ఐదు కుర్చీల్లో కనీసం ఒకటి మహాచాయ్ షెడ్ల నుంచో మయన్మార్ సరిహద్దు పట్టణం మే సోట్‌లోని కుట్టు ఫ్యాక్టరీల నుంచో ఎన్నికై వచ్చిన వలస కార్మికురాలికి దక్కాలి.