ఊదుడు మిషన్ దొరవారికి ఒక బస్సు డ్రైవరు రాయునది

మహారాజశ్రీ బ్రీత్ ఎనలైజర్ దొరవారి సముఖానికి, డ్రైవరు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరు, తమరి బ్యాటరీ, తమరి ప్లాస్టిక్ గొట్టాలు క్షేమమని తలుస్తాను. తెల్లారి నాలుగింటికి డిపోకి వచ్చి, టీ చుక్క కూడా పడని నోటితో నేను చేసే మొదటి పని, తాగానో లేదో తేల్చడానికి తమరిలోకి ఊదడం. 'ఊదు, ఇంకా ఊదు, ఆపకు, ఆపకు' అని సెక్యూరిటీ ఆయన అరుస్తుంటాడు. ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి కూడా తమరికి కావాలట, పైపై గాలి సరిపోదట. సరే, పెద్దవాళ్ల తిండి పెద్దది.

ముందే చెప్తున్నా, తమరు గేటు దగ్గర ఉండడం మీద నాకు కోపం లేదు. వెనక యాభై మంది నిద్రపోతూ నన్ను నమ్ముకుని కూర్చుంటారు. తాగి స్టీరింగ్ పట్టుకునేవాడిని తమరు పట్టుకుంటే నేనే దండం పెడతాను. మా వాళ్లలో కొందరికి ఇంకా ఒక నమ్మకం ఉంది, రెండు ఏలక్కాయలు నమిలితేనో, పచ్చి ఉల్లిపాయ కొరికితేనో తమరు బోల్తా పడతారని. పడరు. మందు కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది, నోటికి సెంటు పూస్తే అక్కడ ఏం మారుతుంది? సుమారు 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత ఆల్కహాల్ ఉంటే ఒక మిల్లీలీటరు రక్తంలో అంత ఉన్నట్టు అని తమరి లెక్క. లోపల ప్లాటినం పూసిన చిన్న సెల్, దాని మీద ఆల్కహాల్ పడితే కాస్త కరెంటు పుడుతుంది, ఆ కరెంటే స్క్రీన్ మీద అంకె. ఇంకో లెక్క కూడా మావాళ్లకి తెలియదు. రాత్రి పదింటికి క్వార్టర్ విస్కీ పూర్తి చేసిన డెబ్భై కిలోల మనిషికి, 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకి 15 మిల్లీగ్రాముల చొప్పున దిగుతుందనుకున్నా, తెల్లారి నాలుగింటికి చట్టం చెప్పిన 30 మిల్లీగ్రాములు దాటే ఉండొచ్చు. 'నిన్నటి మందు కదా సార్' అంటే తమరు వినరు, వినకపోవడమే న్యాయం.

కానీ దొరవారూ, తమరు సాక్షిగా వచ్చి జడ్జి కుర్చీలో కూర్చున్నారు చూడండి, అక్కడే నాకు పేచీ.

కేరళ సంగతి గుర్తుందా? 2025 జులైలో పందళం బస్సు డిపోలో తెల్లవారుజామున డ్రైవర్లు డ్యూటీకి వెళ్లబోతూ ఊదితే తమరు పాజిటివ్ అన్నారు. వాళ్లు నెత్తీనోరూ బాదుకున్నారు, తాగలేదు మొర్రో అని. తీరా చూస్తే ఆ పొద్దున తిన్నది తోటి ఉద్యోగి ఇంటి నుంచి తెచ్చిన పనస తొనలు. బాగా మగ్గిన పండు, లోపలే కాస్త పులిసింది. అంతకుముందు ఊది నెగెటివ్ వచ్చిన మనిషికి అవే తొనలు తినిపించి మళ్లీ ఊదిస్తే ఆయన్నీ తాగుబోతును చేశారు తమరు. పనసపండుకి కూడా డ్యూటీ ఇవ్వకూడదని తమరి తీర్పు! నోట్లో అంటుకున్న ఆల్కహాల్‌కీ, రక్తంలోంచి వచ్చినదానికీ తేడా తెలియాలంటే నోరు కడిగించి పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదించాలి. మౌత్‌వాష్ అయినా, ఆల్కహాల్ కలిపిన దగ్గుమందయినా అంతే. ఇది తమరి పుట్టుకతో వచ్చిన బలహీనత, దాచుకోవాల్సిన పని లేదు, కానీ ఫస్ట్ బస్సుకి టైమైపోతోందని కంట్రోలర్ గోల పెడుతుంటే ఆ పదిహేను నిమిషాలు ఎవడిస్తాడు?

అదే విమానాల దగ్గర తమరి మర్యాదే వేరు. పైలట్‌కి ఒకసారి పాజిటివ్ వస్తే పదిహేను ఇరవై నిమిషాల్లో రెండోసారి చేయాలి, మధ్యలో అదే మిషన్ సరిగ్గా పని చేస్తోందో లేదో చూడాలి, అంతా కెమెరాలో రికార్డు కావాలి అని విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ నిబంధన. 2018 నవంబరులో ఎయిరిండియా ఆపరేషన్స్ డైరెక్టరంతటి వాడు ఢిల్లీ నుంచి లండన్ విమానం నడపడానికి వచ్చి దొరికిపోయాడు, రెండో పరీక్షలోనూ ఫెయిలయ్యాడు, లైసెన్సు మూడేళ్లు సస్పెండ్ చేశారు. సంతోషం, పెద్దాయన అని తమరు వదల్లేదు. రెండోసారి అడిగి మరీ శిక్షించారు. ఆ రెండోసారే నాక్కావాల్సింది. నేను నడిపేది నేల మీదని నా ఊపిరికి ఒక్క ఛాన్సేనా?

కోర్టులు ఎప్పుడో చెప్పాయి. 1971లో ఒక కారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, నోరు వాసన రావడం, నడక తూలడం, మాట తడబడడం, కనుపాపలు పెద్దవి కావడం, ఇవన్నీ ఉన్నా సరే వాటితోనే తాగాడని తేల్చలేం, రక్తం, మూత్రం పరీక్షలు కావాలి అని. మొన్న 2025లో తెలంగాణ హైకోర్టు కూడా తమరి స్లిప్పు ఒక్కటే పట్టుకుని బస్సు డ్రైవరు ఉద్యోగం తీసేయడం కుదరదంది. కానీ కోర్టు దాకా వెళ్లాలంటే ముందు చార్జ్‌షీటు, తర్వాత ఎంక్వైరీ, తర్వాత రిమూవల్, తర్వాత లాయరు ఫీజు, అప్పటికి పిల్లల స్కూలు మారిపోతుంది. తమరి అంకె మాత్రం ఒక్క సెకనులో వస్తుంది.

ఇంతకీ తమరిని ఎవరు పరీక్షిస్తారు? క్యాలిబ్రేషన్ అంటారు కదా, తెలిసిన మోతాదు ఆల్కహాల్ ఉన్న గాలి తమరికి తాగించి, అంకె కరెక్టుగా చెప్పారో లేదో చూడడం. పాపం, తమరికి ఆఫీసు ఖర్చుతో మందు పోయించే పరీక్ష! ఆ సర్టిఫికెట్ తారీకు అడిగిన డ్రైవరుని 'ఏం, నువ్వు సైంటిస్టువా' అంటారే తప్ప కాగితం చూపించేవాళ్లు తక్కువ.

అన్నిటికంటే పెద్ద సంగతి ఇది. తమరికి మందు వాసన తెలుసు, నిద్ర వాసన తెలీదు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మళ్లీ చెప్తున్నా, యాభై. చట్టం గీసిన గీత ముప్పై. అంటే డబుల్ డ్యూటీ చేసి, నా బదులు ఎక్కాల్సిన డ్రైవరు రాలేదని ఇంకో ట్రిప్పుకి తోసేస్తే, చుక్క తాగకపోయినా నేను చట్టం దాటిన తాగుబోతు లెక్కే. అయినా తమరిలో ఊదితే సున్నా. 'శభాష్, బస్సు తీయ్' అంటారు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని స్పష్టంగా రాసి ఉండేది, దూరప్రయాణాలకైనా రోజుకి పది దాటకూడదనేది. డ్యూటీ చార్టు వేసేవాళ్ల చేతికి ఒక ఊదుడు మిషన్ ఇచ్చి, ఎన్ని గంటల డ్యూటీ వేశారో అందులో ఊదమంటే ఎన్ని బీప్‌లు వస్తాయో!

మధ్యలో ఇంకో మాట, కోప్పడకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం హోల్‌సేల్ వ్యాపారం చేసేది సర్కారు బెవరేజెస్ కార్పొరేషనే. షాపులకి మందు అమ్మేదీ సర్కారే, తెల్లారి మూతి వాసన చూసేదీ సర్కారే. ఇందులో తమరి తప్పేం లేదు లెండి.

కాబట్టి మనవి ఏమనగా: పాజిటివ్ వస్తే నోరు కడుక్కోనిచ్చి పావుగంట ఆగి మళ్లీ ఊదించండి, అప్పటికీ వస్తే అదే గంటలో రక్తం తీయించండి, తమరి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ డ్యూటీ చార్టు పక్కనే అంటించమనండి, ఆ పక్కనే నేను కిందటి వారం ఎన్ని గంటలు నడిపానో కూడా రాయించండి. ఇంకా ఊపిరి మిగిలితే డిపోలో ఫైళ్లు నడిపేవాళ్ల చేత కూడా ఒకసారి ఊదించండి, కొత్త గొట్టం ఖర్చు నాది.

ఇట్లు,
నాలుగింటి ఫస్ట్ బస్సు డ్రైవరు