కాలి మీద చుక్కలు పెట్టి జనంతో ఆడుకోకండి

వాట్సాప్‌లో కాలి బొమ్మ, దాని మీద ఎర్ర చుక్కలు, ఇక్కడ నొక్కితే గ్యాస్, థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు అన్నీ మాయం అని రాత. ఆ చుక్కలు ఆక్యుపంక్చర్ పాయింట్లు, అంటే చైనా సంప్రదాయ వైద్యంలో సూది గుచ్చే, వేలితో నొక్కే చోట్లు. ఒళ్ళు మండుతుంది. లోపలి చీలమండకి నాలుగు వేళ్ళ పైన ఉండే సాన్‌యిన్‌జావ్ పాయింట్ గర్భిణులకు వద్దని చైనా సంప్రదాయ వైద్యులే అంటారు, మనవాళ్ళేమో దాన్నే 'ఆడవాళ్ళకి వరం' అని పంచేస్తారు.

ఆ చైనా వైద్యుల లెక్కలో ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి పారే దారులే మెరిడియన్లు, కాలి మీదుగా పోయే ప్రధానమైనవి ఆరు. జీర్ణాశయం మెరిడియన్‌లోని 45 పాయింట్లలో బాగా పేరున్నది 36వది, జూసాన్‌లీ. మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట ఉంటుంది కదా, అక్కడి నుంచి నాలుగు వేళ్ళు కిందికి, ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి. పాదం పైకి లేపితే అక్కడే కండ ఉబ్బుతుంది. ఆ వేళ్ళు రోగివే అయ్యుండాలి, వైద్యుడివి కావు. ఫోన్‌లో బొమ్మకి ఈ కొలతెక్కడిది?

1971లో న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్టు జేమ్స్ రెస్టన్‌కి బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ సూదుల మత్తుతోనే చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉత్తదే! మామూలు మత్తుమందే ఇచ్చారు, కడుపు ఉబ్బరానికి మోచేతికీ మోకాళ్ళ కిందా సూదులు గుచ్చింది ఆ తర్వాత. ఆయనే రాశాడు.

ఇదంతా వేల ఏళ్ళుగా మారని జ్ఞానం అనేవాళ్ళకి ఒక మాట. క్రీ.పూ. 168లో మూసిన చైనాలోని మవాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టు రాతల్లో మెరిడియన్లు 11 మాత్రమే, పాయింట్లు అసలు లేవు.

అలాగని అంతా బూటకం అనేవాళ్ళతోనూ నాకు పేచీయే. 2006లో జర్మనీలో మోకాలి అరుగుదల ఉన్న వెయ్యిమందికి పైగా జనం మీద పరీక్ష చేస్తే, అసలు పాయింట్లలో గుచ్చినవాళ్ళలో 53 శాతానికి, వేరే చోట్ల ఊరికే గుచ్చినవాళ్ళలో 51 శాతానికి, మామూలు చికిత్సతో 29 శాతానికి మేలు కనిపించింది. అంటే సూదితో ఏదో జరుగుతోంది, చుక్క ఎక్కడన్నదే తేలలేదు. మళ్ళీ 2021లో హార్వర్డ్‌వాళ్ళు ఎలుకల వెనక కాలికి ఇదే జూసాన్‌లీ దగ్గర సన్నగా కరెంటు ఇస్తే ఒంట్లో వాపు తగ్గింది, పొట్ట దగ్గర ఇస్తే తగ్గలేదు. కారణం 'చీ' కాదు, అక్కడున్న ఒక రకం నరాలు. ఎలుకల సంగతే అనుకోండి, కానీ కొట్టిపారేసేది కాదు.

మా వాళ్ళెవరైనా మోకాలి నొప్పికి సూదులు వేయించుకుంటానంటే నేను అడ్డుపడను. ప్యాకెట్ కళ్ళముందే విప్పి కొత్త సూది తీస్తున్నారో లేదో చూసుకోమంటాను, డాక్టరు రాసిన మందులు మానేయమని అక్కడ చెప్తే మాత్రం లేచి వచ్చేయమంటాను.