ట్రాన్స్‌ఫర్ కేసు పై బోల్టు గారికి విన్నపం

మహారాజశ్రీ ఫిల్లర్ బోల్టు గారికి,

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. కానీ మీ కుశలం సంగతి నాకు తెలుసు. నా బండి ట్రాన్స్‌ఫర్ కేసులో ఆయిల్ పోసే రంధ్రానికి మూత మీరు. గంటన్నరగా మీ కిందే వెల్లకిలా పడుకుని ఉన్నాను. మీరు ఎక్కడివారు అక్కడే ఉన్నారు. నా కుశలమే మీరు కదిలేదాన్ని బట్టి ఉంటుంది.

ఇన్నేళ్లు మీ దర్శనానికి రాకపోవడం నా తప్పే. ఇంజన్‌కి ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ ఉంది, ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. మీ ట్రాన్స్‌ఫర్ కేసుకి పుల్లా లేదు, దీపమూ లేదు. గేర్‌బాక్సు వెనకాల నక్కి, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచుతూ, బురదలో 4ఎల్ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు) వేసినప్పుడు బండిని ఈడ్చుకొస్తూ నోరెత్తకుండా పని చేస్తుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అది అడగలేదు, నేను పెట్టలేదు. అది తాగే ఆయిలేమో లీటరు, మహా అయితే రెండు. అదీ 50,000 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఒకసారి. ఆ మాత్రం దానికి నేను వాయిదా వేసిన ఆదివారాలు లెక్క పెడితే సిగ్గేస్తుంది, అందుకే లెక్క పెట్టను.

ఇప్పుడు మీ దగ్గరికే మొదట ఎందుకు వచ్చానో చెబుతాను. ఇదివరకు ఇంకో పాత బండి ఉండేది. ఉత్సాహంగా కిందికి దూరి పాత ఆయిల్ కిందికి దింపే డ్రెయిన్ బోల్టు విప్పేశాను. నల్లటి ఆయిల్ లీటరున్నర పళ్లెంలోకి దిగింది. ఆ బోల్టుకుండే అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పేస్టు తప్ప ఇనప ముక్కలేవీ లేవు. ఆహా అనుకుని పైన ఉన్న మీ జాతి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఉడుం పట్టు! ఆయన కదల్లేదు. ఆయిల్ పోయడానికి దారి లేదు, ఖాళీ కేసుతో నడపడానికి వీల్లేదు. తాడు కట్టి లాక్కెళదామంటే, చక్రాలు తిరిగితే లోపలి సరంజామా కూడా ఆయిల్ లేకుండా తిరుగుతుందట. చివరికి బండిని లారీ ఎక్కించాను. పక్కింటాయన ఆ ఊరేగింపుని ఫొటో కూడా తీశాడు.

అప్పటి నుంచి నాకు ఒకటే శాస్త్రం: పైది విప్పాకే కింది దాని మీద చెయ్యి వెయ్యాలి.

మీ మొండితనానికి కారణాలున్నాయి, ఒప్పుకుంటాను. మీరు ఉక్కు, మీ ఇల్లు అల్యూమినియం. మధ్యలోకి తడి చేరితే తెల్లటి పొడి పట్టి మరల్లో సిమెంటులా బిగుసుకుంటుంది. పైగా నాకంటే ముందు ఎవరో మహానుభావుడు రాడ్డుకి పైపు తొడిగి మిమ్మల్ని బిగించినట్టున్నాడు, కారుతుందేమోనన్న భయంతో. కారకుండా ఆపేది మీ కింద ఉన్న మెత్తటి వాషరని ఆయనకి ఎవరూ చెప్పలేదు కాబోలు. అల్యూమినియం మర ఊడొస్తే అప్పుడు తెలిసేది.

నా వైపు నుంచి మర్యాదలో లోటు లేదు. మీ నెత్తి మీది ఆరు పలకల గుంటలో గట్టిపడిన మట్టిని మేకుతో గీకి తీశాను. అది తీయకుండా అలెన్ కీ పెడితే సగమే దిగుతుంది, గట్టిగా తిప్పితే పలకలు అరిగి గుండ్రమవుతాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు వేశాను, దాన్ని అవమానంగా తీసుకోవద్దు.

ఇక ఆయిల్ విషయం. సలహాదారులు పుట్టగొడుగుల్లా మొలిచారు. "చిక్కటిది పోయి, చప్పుడు పోతుంది" అని ఒకరు, "గేర్‌బాక్సులో మిగిలింది పోసెయ్" అని ఇంకొకరు. కొన్ని కేసులకి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఎర్రటి ఆయిల్ ఏటీఎఫ్, కొన్నిటికి 75డబ్ల్యూ-90 లాంటి గేర్ ఆయిల్. గేర్ ఆయిల్‌లోనూ రకాలున్నాయి: జీఎల్-4 అడిగిన చోట జీఎల్-5 పోస్తే, అందులోని గంధకపు రసాయనాలు లోపలి ఇత్తడి భాగాల్ని తినొచ్చు. నేను మాన్యువల్ తప్ప ఎవరి మాటా వినదలచుకోలేదు. అందులో మరకలున్నా అక్షరాలు కనిపిస్తున్నాయి.

కాబట్టి నా ప్రతిపాదన. రేపు పొద్దున బండిని కాస్త తిప్పి, కేసు వెచ్చబడ్డాక వస్తాను. అల్యూమినియం మీకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అంటే మీ ఇల్లే మిమ్మల్ని కొంచెం వదులుతుంది. మీరు తిరిగితే కొత్త వాషరు వేస్తాను, మరలు శుభ్రం చేస్తాను, బిగింపు కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగిస్తాను. సమతలం మీద బండి నిలిపి, మీ రంధ్రం అంచు నుంచి కారేదాకా పంపుతో పోస్తాను. అందులో కొంత నా మోచేతి మీదుగా చంకలోకి పోతుందని తెలుసు, అది నా వాటా.

ఇట్లు,
మీ కింద పడి ఉన్నవాడు

తా.క.: కింది బోల్టు నుంచి ఇప్పుడే ఒక చుక్క నా నుదుటి మీద పడింది. నేను ముట్టుకోలేదు. మీరే సాక్షి.