గ్లాసులో చచ్చిన ముసలితనం

గోదావరి జిల్లాల్లో ముసలితనం రద్దయిందండి. గెజిట్లో ఇంకా రాలేదు గానీ, అమలాపురం దగ్గర ఒక కల్యాణ మండపంలో ఉప్మా పెసరట్టు సాక్షిగా ప్రకటించేశారు.

ప్రకటించినాయన టై కట్టుకున్నాడు. జూన్ ఉక్కలో, కరెంటు పోయిన హాల్లో, మెడకి టై! దాంతోనే సగం మంది నమ్మేశారు. బల్ల మీద గాజుగ్లాసు పెట్టి నీళ్లు పోసి, "ఇది మీ ఒళ్లు" అన్నాడు. నాలుగు చుక్కల టింక్చర్ అయోడిన్ వేస్తే నీళ్లు పానకం రంగు తిరిగాయి. "ఇవి ఫ్రీ రాడికల్స్. పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తారే, అప్పుడే పుడతాయి. లోపల్నించి తుప్పు పట్టించేస్తాయి." ముందు వరసలో రిటైరైన మాస్టారొకాయన చెప్పులు విప్పేసి కాళ్లు కుర్చీ మీదకి లాక్కున్నారు, ఇకమీదట నేల మీద అడుగు పెట్టనన్నట్టు.

అప్పుడు టై గారు, "వీటిని చంపే యాంటీ ఆక్సిడెంట్ ఇదిగో" అంటూ ఒక గొట్టం మాత్ర విప్పి అందులో పొడి గ్లాసులో వంపాడు. చెంచాతో తిప్పగానే నీళ్లు తేటపడ్డాయి. చప్పట్లే చప్పట్లు. వెనకనించి ఒక బాబాయి లేచి, "అవి తాగి చూపించండి, ఆయ్" అన్నాడు. టై గారికి వినపడలేదు. "పోనీ మాత్ర బదులు నిమ్మకాయ పిండి చూపించండి." అదీ వినపడలేదు. బాబాయిని ఇద్దరు మర్యాదగా టిఫిన్ల వైపు నడిపించారు. ఆయన పెసరట్టు తిన్నాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

విటమిన్ సి తగిలితే అయోడిన్ రంగు పోతుంది. నిమ్మరసానికీ పోతుంది. మన ఒంట్లో తిరిగేది టింక్చర్ కాదన్న చిన్న సంగతి ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు.

ముసలితనానికి ఫ్రీ రాడికల్సే, అంటే ఒంట్లో పుట్టి పక్క అణువుల్ని పాడుచేసే దుడుకు అణువులే, కారణమని 1956లో అమెరికాలో డెన్‌హామ్ హార్మన్ అనే శాస్త్రవేత్త అన్నమాట నిజమే. టై గారి వంశం ఆ ఒక్క ముక్క మీదే ఇన్నేళ్లుగా బతుకుతోంది. తర్వాతి కబుర్లు మాత్రం వాళ్ల రేవుకి చేరలేదు. ఫిన్లండులో 29 వేల మంది పైచిలుకు పొగతాగే మగాళ్ల మీద ప్రయోగం చేశారు. బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల కాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించిందని 1994లో తేలింది. 2009లో జర్మనీ వాళ్లు కుర్రాళ్ల చేత 4 వారాలు వ్యాయామం చేయించి, కొందరికి రోజుకి 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు, ఇవీ యాంటీ ఆక్సిడెంట్లే. మాత్రలు మింగనివాళ్ల ఒంట్లో ఇన్సులిన్ చక్కగా పనిచేయసాగింది. మింగినవాళ్లకి ఆ లాభం దక్కలేదు!

ఎందుకంటే కండ కష్టపడ్డప్పుడు పుట్టే ఆ రాడికల్సే, "పని పెరిగింది, సర్దుకో" అని కణానికి కబురు చేస్తాయి. అది అందాకే ఒళ్లు ఆ దుడుకుని అదుపులో పెట్టే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కేటలేజ్ లాంటి సొంత ఎంజైములు పెంచుకుంటుంది, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు పెంచుకుంటుంది. మన సుగరు సోదరుడేమో చీకటితో లేచి లాకుల దాకా నడిచొచ్చి, ఆ కబురు నోరు నొక్కే మందు 2,400 పెట్టి కొని మింగుతాడు. జామకాయ తింటే ఏ గొడవా లేదు. కానీ జామకాయకి టై లేదే.

డబ్బున్నోళ్ల సరదాయే అయితే నవ్వుకుని ఊరుకుందును. ఆ హాల్లో సార్వా నాట్లకి వెళ్లే ఆడాళ్లు కూడా ఉన్నారు. ఒకావిడ కింది రెప్ప లాగి చూస్తే లోపల పాలిపోయి ఉంది. ఆవిడకి కావలసింది ముందు రక్తపరీక్ష, ఆ తర్వాత ఐరన్ మాత్ర. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. రోజంతా నడుం వంచి నాటే మనిషికి, "ఒళ్లు అలిసి రాడికల్స్ పెరిగిపోయాయమ్మా" అని చెప్పి డ్వాక్రా అప్పులోంచి సీసా కొనిపించాడు. సిగ్గుండక్కర్లేదురా? తిండి చాలక నీరసపడ్డ మనిషికి రోగం పేరు మార్చి అమ్ముకుంటావా? పైగా నలుగురిని చేర్పిస్తే రెండో సీసా ఉచితమట. ఆవిడ ఎవర్ని చేర్పిస్తుంది? పక్కన వంగి నాటే మనిషినే. ఆ టై పట్టుకుని మోకాలి లోతు దమ్ములో ఒక్క పూట నిలబెట్టి నారుకట్ట చేతికివ్వాలి వీణ్ని.

ఆవిడ డబ్బులు వెనక్కిమ్మని ఫోన్ చేస్తే ఎత్తడం లేదట. రసీదు లేదు. మండపం అద్దె మాత్రం ముందే కట్టేశాడు.